వీగన్ బిస్కోటీలో వెన్నకు చోటెక్కడిది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలోని వంటల పేజీలో ఇటీవల ఇంట్లో చేసుకునే వీగన్ బిస్కోటీ తయారీ విధానం ప్రచురించారు. బిస్కోటీ అంటే రెండుసార్లు కాల్చి కరకరలాడేలా చేసే ఇటలీ తీపి బిస్కెట్, వీగన్ అంటే పాలు, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చేది ఏదీ లేనిది. తెలుగు పత్రికలో ఇటువంటి వంటకానికి చోటు దక్కడం సంతోషం. అయితే కావలసిన పదార్థాల పట్టికలో అరకప్పు కరిగించిన వెన్న, రెండు చెంచాల తేనె ఉన్నాయి. తయారీలో ఒకచోట పిండి గట్టిపడితే కాసిన్ని పాలు పోసుకోవచ్చని కూడా రాశారు. గుడ్డు వాడలేదు కనుక వీగన్ అన్న పేరు సరిపోతుందని రాసినవారు అనుకున్నట్టుంది. వెన్న, పాలు, తేనె ఉన్న వంటకం ఎగ్‌లెస్ అవుతుంది గానీ వీగన్ కాదు. ఇది చిన్న పొరపాటులా కనిపించవచ్చు కానీ, ఆ పేరును నమ్మి వండుకునేవారిలో పాలు పడని పిల్లలున్న ఇళ్లు కూడా ఉంటాయి. మా ఇల్లు అలాంటిదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఈ విషయంలో అస్పష్టతకు తావు లేకుండా నిబంధనలు ఉన్నాయి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ముడిసరుకులోనే కాదు, రంగులు, పరిమళాలు, ఎంజైములు, తయారీలో తోడ్పడే ఇతర పదార్థాలలో కూడా జంతు సంబంధమైనది ఏదీ ఉండకూడదు. అటువంటి పొట్లాల మీద ఆకుతో కూడిన ఆకుపచ్చ 'వి' అక్షరపు గుర్తు వేస్తారు. మనం ఏళ్లుగా చూస్తున్న ఆకుపచ్చ చుక్క వేరు. ఆ చుక్క ఉన్న బిస్కెట్లలో పాలపొడి, వెన్న, తేనె నిరభ్యంతరంగా ఉండవచ్చు. బ్రిటన్‌లో 1944 నవంబరులో డోనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని ఏర్పాటు చేసుకున్నదే పాలు, గుడ్లు కూడా మానిన శాకాహారుల కోసం. మాంసం ముట్టనివారి సంఘాలు అప్పటికే ఉన్నాయి. పాల విషయంలో తమ పట్టుదలను ఆ సంఘాలు అంగీకరించనందువల్లే వారు వేరు పడ్డారు. అంటే పాలను మినహాయించడం ఆ ఆహార పద్ధతికి పునాది. వెన్న వేసిన వంటకానికి ఆ పేరు పెడితే పునాదినే తీసేసినట్టవుతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించిన విషయం మరొకటి ఉంది. బిస్కోటీకి అసలు వెన్న అవసరమే లేదు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ప్రాటో అనే పట్టణం ఉంది. అక్కడ ఆంటోనియో మాత్తేయీ 1858లో తెరిచిన దుకాణం ఈ తీపి బిస్కెట్లకు పేరు తెచ్చింది. ఆ పద్ధతిలో వేసేవి గోధుమ పిండి, చక్కెర, గుడ్లు, బాదం, పైన్ గింజలు. వెన్న లేదు, నూనె లేదు, పాలు లేవు. పొడవాటి దిమ్మలా చేసి కాల్చి, వేడి కాస్త తగ్గాక ఏటవాలుగా ముక్కలు కోస్తారు. ఆ ముక్కల్లో మిగిలిన తేమ రెండో కాల్పులో పోతుంది. భోజనం ముగిశాక 'విన్ శాంతో' అనే తీపి వైన్‌లో ముంచుకుని తింటారు కనుకనే అవి అంత గట్టిగా ఉంటాయి. వెన్న వేసే పద్ధతులూ ఉన్నాయి, వాటిలో ముక్క కొంచెం మెత్తగా, గుల్లగా వస్తుంది. ప్రాటో పద్ధతి మాత్రం కొవ్వు మీద ఆధారపడదు.

అందువల్ల యూరప్ బేకరీ వంటకాలన్నిటిలో వీగన్ పద్ధతికి ఇంత దగ్గరగా ఉన్నవి తక్కువే. కేకుకు మెత్తదనం కావాలి, పఫ్‌కు పొరలు కావాలి, కుకీకి వెన్న రుచి కావాలి. వాటిలో గుడ్డునూ వెన్ననూ తీసేస్తే ఏదో ఒకటి కోల్పోక తప్పదు. బిస్కోటీకి కావలసింది పొడిదనం, కరకర. ఇందులో మార్చవలసింది గుడ్డు ఒక్కటే. మన బేకరీల్లోనూ, వంటల పేజీల్లోనూ జరుగుతున్నది దీనికి తలకిందులు. గుడ్డు తీసేసి, ఆ లోటు పూడ్చడానికి వెన్న, పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్ చేరుస్తున్నారు. శాకాహార కుటుంబాల కోసం ఎగ్‌లెస్ కేకులు చేసుకునే అలవాటు మనకు బాగా స్థిరపడిపోయింది. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చారు. ఫలితంగా అసలు వంటకంలో లేని పాలు వీగన్ అని పేరు పెట్టుకున్న వంటకంలో వచ్చి చేరాయి.

రెండుసార్లు కాల్చి ఆరబెట్టిన పదార్థాలు గుడ్డూ పాలూ లేకుండానే నిలుస్తాయనడానికి ఇటలీలోనే పాత సాక్ష్యాలు ఉన్నాయి. దక్షిణాన పూలియా ప్రాంతంలో బార్లీ, గోధుమ పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్‌తో ఫ్రిసెల్లె అనే గుండ్రటి రొట్టెలు చేసి, అడ్డంగా రెండుగా కోసి, మళ్లీ కాలుస్తారు. తినబోయే ముందు నీళ్లలో ముంచి, పైన టొమాటో, ఆలివ్ నూనె వేసుకుంటారు. సార్డీనియా దీవిలో గొర్రెల కాపరులు కొండలకు తీసుకువెళ్లిన పలుచని పానే కారసావు రొట్టె కూడా రెండుసార్లు కాల్చినదే. మనకు హైదరాబాద్ ఇరానీ కేఫ్‌లలోనూ, కోస్తా పట్టణాల బేకరీల్లోనూ దొరికే రస్కు ఆ జాతిదే. రొట్టె కాల్చి, ముక్కలు కోసి, తేమ పోయేదాకా మళ్లీ కాలుస్తారు. కాబట్టి ఈ పద్ధతి తెలుగు పాఠకులకు పరాయిది కాదు. చెప్పవలసినట్టు చెబితే ఎవరైనా చేసుకోగలరు.

ఇక గుడ్డు సంగతి. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది. అందులో నాలుగింట మూడు వంతులు నీరే. మిగిలినదాంట్లో మాంసకృత్తులు వేడికి గట్టిపడి పిండినీ గింజలనూ పట్టి ఉంచుతాయి. బిస్కోటీలో గుడ్డు చేసే ముఖ్యమైన పని ఈ రెండే, తడి ఇవ్వడం, ముక్కను పట్టి ఉంచడం. తడికి నీరు చాలు. పట్టుకు అవిసె గింజల పొడి వాడవచ్చు. ఒక గుడ్డుకు బదులు ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 7 గ్రాముల అవిసె పొడిలో మూడు పెద్ద చెంచాల నీళ్లు, అంటే 45 మిల్లీలీటర్లు కలిపి పది నిమిషాలు పక్కన పెట్టాలి. గింజ పైపొరలోని జిగురు నీటిలోకి దిగి, చెంచా ఎత్తితే బెండకాయ జిగురులా సాగుతుంది. ఆ సాగుడు కనిపించాకే పిండిలో కలపాలి. గింజలు ముందుగానే పొడి కొట్టి నెలల తరబడి ఉంచితే నూనె ముక్కిపోయి చేదెక్కుతాయి. కావలసినప్పుడు కావలసినంతే పొడి కొట్టుకోవాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టాలి.

కాబూలీ శనగలు ఉడికించిన నీరు రెండో దారి. ఫ్రాన్స్‌కు చెందిన గాయకుడు జోయెల్ రోసెల్ 2014లో ఈ నీరు గుడ్డు తెల్లసొనలా నురుగు కడుతుందని చూపారు. మరుసటి ఏడాది అమెరికాకు చెందిన గూస్ వోల్ట్ ఆ నీటిలో చక్కెర మాత్రమే కలిపి మెరాంగ్ అనే నురుగు మిఠాయి చేసిన తర్వాత ప్రపంచమంతటా ఇది వాడుకలోకి వచ్చింది. మన ఇళ్లలో శనగలు ఉప్పు వేసి, ఎక్కువ నీళ్లు పోసి ఉడికిస్తారు. ఆ నీరు పనికిరాదు. ఉప్పు లేకుండా ఉడికించి, శనగలను ఆ నీటిలోనే పూర్తిగా చల్లారనిచ్చి, వడకట్టి, నీరు చిక్కబడే వరకు సన్నని సెగ మీద మరిగించాలి. మూడు పెద్ద చెంచాలు ఒక గుడ్డుకు సమానం. దీంతో చేసిన బిస్కోటీ తేలికగా, లేత రంగులో వస్తుంది. అవిసెతో చేసినది కొంచెం ముదురుగా, గింజలను మరింత గట్టిగా పట్టుకుని ఉంటుంది. బాదం నిండుగా వేసే ఇంట్లో అవిసెనే నేను సిఫార్సు చేస్తాను. అరటిపండు గుజ్జు వాడమని కొందరు చెబుతారు. కేకులో అది బాగుంటుంది కానీ, బిస్కోటీని ఎంత ఆరబెట్టినా ఆ గుజ్జు లోపల తడి నిలుపుతుంది, పండు వాసన బాదం రుచిని మింగేస్తుంది.

మీ పేజీలో కొలతలన్నీ కప్పుల్లో ఇచ్చారు. ఏ కప్పు? టీ కప్పా, బియ్యం కొలిచే కప్పా, 240 మిల్లీలీటర్ల కొలకప్పా? ఒకే కొలకప్పుతో తీసుకున్నా మైదా తేలికగా నింపితే 120 గ్రాములు ఉంటుంది, అదిమి నింపితే 150 దాకా పోతుంది. కూరలో ఇటువంటి తేడా సర్దుకుంటుంది. పిండి వంటల్లో అది దిమ్మ పగిలిపోవడమో, పళ్లెం మీద పరుచుకుపోవడమో అవుతుంది. గ్రాముల్లో ఇస్తే ఈ బెడద ఉండదు. నా లెక్క ఇది: మైదా 250 గ్రాములు, చక్కెర 120, బాదం 100, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చిన్న చెంచాలు, ఉప్పు పావు చెంచా, వేరుశనగ నూనె 45 మిల్లీలీటర్లు, రెండు గుడ్లకు బదులు 14 గ్రాముల అవిసె పొడి, 90 మిల్లీలీటర్ల నీరు. పిండి పొడిపొడిగా ఉంటే నీళ్లు ఒక్కో చెంచా చొప్పున మాత్రమే కలపాలి. ప్రాటో పద్ధతిలో నూనె లేదని చెప్పాను. గుడ్డు పచ్చసొనలో ఉండే కొద్దిపాటి కొవ్వు ఇక్కడ ఉండదు కనుక ఆ లోటుకు, ముక్క రాయిలా కాకుండా ఉండడానికి కాస్త నూనె వేయడం మేలు. గానుగ నూనె వాసన బిస్కోటీలో తెలుస్తుంది, అది నచ్చనివారు శుద్ధి చేసిన నూనె వాడవచ్చు.

గింజల విషయంలో మనకు మంచి వీలుంది. పలాస జీడిపప్పు బాదం కన్నా మెత్తన కనుక కోసేటప్పుడు కత్తికి అడ్డం పడదు. ముక్క నునుపుగా తెగుతుంది. వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పు ఖర్చు తగ్గిస్తుంది, రుచి కూడా మన నోటికి అలవాటైనదే. కాస్త సోంపు వేస్తే చాలా బాగుంటుంది. ఇటలీలో దానికి దగ్గరి వాసనగల అనీస్ గింజలు వేసి చేసే బిస్కోటీలు ఉన్నాయి కనుక ఇది కొత్త ప్రయోగం కూడా కాదు. బొప్పాయితో చేసే టూటీ ఫ్రూటీ వేసుకోవచ్చు. చక్కెరకు బదులు బెల్లం వాడమని సలహా ఇచ్చేవారు ఒక మాట కూడా చెప్పాలి. బెల్లం గాలిలోని తేమను లాక్కుంటుంది. దాంతో చేసినవి త్వరగా రంగెక్కుతాయి, డబ్బాలో త్వరగా మెత్తబడతాయి. బెల్లమే కావాలనుకుంటే చక్కెరలో మూడో వంతుకు మించి మార్చవద్దు.

పిండిని రెండు భాగాలు చేసి, చేతులు తడుపుకుని, ఒక్కోదాన్ని ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల ఎత్తు గల దిమ్మగా బేకింగ్ పేపర్ మీద అమర్చాలి. కాలేటప్పుడు అవి పక్కలకు పరుచుకుంటాయి కనుక మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పైన సన్నని పగుళ్లు వచ్చి, అడుగు లేత బంగారు రంగులోకి తిరిగి, వేలితో నొక్కితే గట్టిగా తగిలితే మొదటి కాల్పు అయినట్టు. ఫ్యాన్ తిరిగే ఓవెన్‌లో 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించాలి. మన ఇళ్లలోని ఓటీజీల (చిన్న కరెంటు ఓవెన్ల) మరలు చూపే అంకెకూ లోపలి వేడికీ పొంతన ఉండకపోవచ్చు. లోపల పెట్టుకునే చిన్న ఉష్ణమాపకం పెద్ద ఖరీదేమీ కాదు, కొనుక్కోవడం మంచిది. మీ పేజీలో 'మీడియం వేడి మీద అరగంట' అని ఉంది. స్టవ్ మీద కూరకు ఆ మాట చెల్లుతుంది కానీ ఓవెన్‌కు అంకె కావాలి.

అసలు పని ఆ తర్వాతే ఉంది. వీగన్ బిస్కోటీ చాలామందికి కుదరకపోవడానికి ముఖ్య కారణం కోత. గుడ్డు ఉన్న దిమ్మ పది నిమిషాల్లో కోతకు సిద్ధమవుతుంది. గుడ్డు లేనిది అప్పుడే కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. 20 నుంచి 25 నిమిషాలు జాలీ మీద ఆరనివ్వాలి. చేతితో పట్టుకుంటే గోరువెచ్చగా ఉండాలి. పూర్తిగా చల్లారితే మళ్లీ గట్టిపడి బాదం దగ్గర విరుగుతుంది, కనుక ఆ గోరువెచ్చని సమయాన్ని దాటనివ్వకూడదు. బ్రెడ్ కోసే పళ్ల కత్తిని ఏటవాలుగా పెట్టి, అదమకుండా ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఆడించాలి. బాదం తగిలినప్పుడు కత్తి కింద చిన్న అడ్డు తెలుస్తుంది. అక్కడ బలం పెడితే గింజ ముక్కను చీల్చుకుని బయటికి వస్తుంది. కత్తిని అలాగే ఆడిస్తూ ఉంటే గింజ కూడా తెగి, తెల్లని బాదం ముఖం గోధుమ రంగు పిండిలో చక్కగా కనబడుతుంది. అడుగు చేరాక మాత్రం ఒక్కసారి నిటారుగా నొక్కి తెంపాలి. మందం ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే రెండో కాల్పులో వంగదు, విరగదు.

రెండో కాల్పు రంగు కోసం కాదు, తేమ పోవడానికి. వేడిని 150 డిగ్రీలకు తగ్గించి, ముక్కలను పడుకోబెట్టి ఒక్కో వైపు పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. వీలైతే ముక్కలను నిటారుగా, మధ్యలో ఎడం వదిలి నిలబెట్టవచ్చు. అప్పుడు రెండు వైపులా గాలి ఆడుతుంది, తిప్పవలసిన పని ఉండదు. బయటికి తీసినప్పుడు నడుమ ఇంకా మెత్తగా తోచినా కంగారు పడనక్కర లేదు, చల్లారే కొద్దీ గట్టిపడతాయి. కరకరలాడాలన్న ఆత్రంలో ముదురు గోధుమ రంగు వచ్చేదాకా ఉంచకూడదు. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రబడే కొద్దీ వాటిలో అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుంది. యూరోపియన్ యూనియన్ 2017లో తెచ్చిన నిబంధన బిస్కెట్లలో ఇది కిలోకు 350 మైక్రోగ్రాములకు లోపు ఉండేలా చూసుకోమని తయారీదారులకు ప్రమాణం పెట్టింది. ఇంట్లో మనం కొలవలేం కానీ, లేత బంగారు రంగు దగ్గర ఆపడం మన చేతిలో ఉంది.

ఓవెన్ లేనివారి సంగతీ మీ పేజీ పట్టించుకోవాలి. కుక్కర్‌లోనో మూకుడులోనో ఇసుక, ఉప్పు పోసి కేకులు చేసే పద్ధతి మన ఇళ్లలో బాగా తెలిసినదే. మొదటి కాల్పుకు అది చాలు, దిమ్మ చిన్నదిగా చేసుకుంటే సరిపోతుంది. రెండో కాల్పు మాత్రం మూత పెట్టిన పాత్రలో సాగదు. ముక్కల నుంచి లేచిన ఆవిరి బయటికి పోలేక మళ్లీ వాటి మీదే దిగుతుంది. మందపాటి పెనం మీద, మూత లేకుండా, అతి సన్నని సెగ మీద ఒక్కో వైపూ ఓపికగా కాల్చుకోవాలి. ఓవెన్‌లో చేసినంత సమంగా రాకపోయినా కరకర తప్పకుండా వస్తుంది.

వాన కాలంలో విశాఖ, మచిలీపట్నం వంటి చోట్ల గాలి చెమ్మకు ఈ బిస్కెట్లు డబ్బా మూత సరిగా పడకపోతే ఒక్క రాత్రిలో మెత్తబడతాయి. వాటిని పారేయనవసరం లేదు. 150 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు ఉంచి చల్లార్చితే మునుపటిలా అవుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే లోపలి ఆవిరే వాటిని పాడుచేస్తుంది. గాలి చొరని స్టీలు డబ్బాలో రెండు మూడు వారాలు నిలుస్తాయి.

పదార్థాలు కొనేటప్పుడు జాగ్రత్త గురించి మీ పేజీలో ఒక్క మాట కూడా లేదు. డార్క్ అని రాసి ఉన్న చాక్లెట్‌లో పాల ఘనపదార్థాలు ఉండవచ్చు. వెన్నకు బదులుగా అమ్మే మార్జరిన్‌లలో కొన్నిటిలో కూడా పాల అంశం ఉంటుంది. ఎర్రని చెర్రీ పండ్లకు రంగు ఎక్కడిదో చూడాలి. పట్టికలో 120 అన్న సంఖ్య ఉంటే అది కీటకాల నుంచి తీసిన కార్మైన్. మా ఊళ్లో ఒక దుకాణంలో గాజు సీసాలో పెట్టి, చేతిరాతతో వీగన్ అని చీటీ అంటించిన బిస్కోటీ కొన్నాను. ఏమేం వేశారని అడిగితే 'గుడ్డు వేయలేదమ్మా, పాలపొడి, వెన్నే' అని అమ్మాయి ఎంతో నమ్మకంగా చెప్పింది. ఆమెకు మోసం చేసే ఉద్దేశం లేదు. ఆమెకు చెప్పినవారికీ తెలియదు. పత్రికలు ఒకే పొరపాటును మళ్లీ మళ్లీ అచ్చు వేస్తే ఆ పొరపాటే రివాజుగా మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మా మనవరాలికి పాల మాంసకృత్తులు పడవు. పాలు అరగకపోవడం, పాలు పడకపోవడం ఒకటి కాదు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగనివారికి కొంచెం వెన్న వల్ల పెద్దగా ఇబ్బంది రాకపోవచ్చు. మాంసకృత్తులు పడని పిల్లలకు చిటికెడు పాలపొడి చాలు, ఒళ్లంతా దద్దుర్లు లేవడానికి, ఒక్కోసారి ఊపిరి అందకపోవడానికి. కాచిన నెయ్యిలో పాల గుణం పోతుందని మన పెద్దలు నమ్ముతారు. చాలామట్టుకు పోతుంది, పూర్తిగా పోదు. ఆహార భద్రత సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్న గోధుమ వంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, వేరుశనగ, చెట్టు గింజలు, సోయా మొదలైనవాటిని పొట్లం మీద విడిగా చెప్పి తీరాలన్నది ఇందుకే. ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పాలి. వీగన్ గుర్తు అలర్జీకి హామీ కాదు. అదే యంత్రం మీద పాలతో చేసినవి కూడా తయారైతే జాడలు మిగలవచ్చు. పైగా మన బిస్కోటీలోనే మైదా, బాదం ఉన్నాయి. అవి పడనివారూ ఉన్నారు. ఇంట్లో చేసుకోవడంలోని గొప్ప ప్రయోజనం ఏ గిన్నెలో ఏం కలిపామో మనకు తెలియడమే.

ఈ వంటకాన్ని ఆరోగ్య ఆహారంగా వర్ణించడం కూడా నాకు సమ్మతం కాదు. మీ పేజీ 'బరువు తగ్గాలనుకునేవారికి వరం' అని రాసింది. పైన ఇచ్చిన లెక్కతో సుమారు 24 ముక్కలు వస్తాయి. ఒక్కోదానిలో ఐదు గ్రాముల చక్కెర, దాదాపు 100 కిలో కేలరీలు ఉంటాయి. వెన్న లేనంత మాత్రాన మైదా, చక్కెర మాయం కావు. ఇది తీపి తినుబండారం, మితంగా తినవలసినది. ఒకటో రెండో ముక్కలు, పాలు లేని అల్లం టీలోనో శొంఠి కాఫీలోనో ముంచుకుని తింటే తృప్తిగా ఉంటుంది. పాల చాయ్‌తో తినమని ఆ వ్యాసం చివర రాసిన సలహా వీగన్‌కు పనికిరాదని వేరే చెప్పనక్కర లేదు.

పత్రికల వంటల పేజీలను నేను చిన్నచూపు చూడను. హోమ్ సైన్స్ బోధించిన రోజుల్లో మా విద్యార్థినులు ఆ కత్తిరింపులు తెచ్చి నోట్సులో అంటించుకునేవారు. పదేళ్ల తర్వాత కూడా ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని వండేవారు ఉంటారు. యూట్యూబ్ వీడియోలో తప్పుంటే కింద ఎవరో ఒకరు సరిదిద్దుతారు. అచ్చులో వచ్చినదాన్ని సరిదిద్దే అవకాశం మీ ఒక్కరికే ఉంది. వీగన్ అని పేరు పెట్టే ప్రతి వంటకాన్నీ అచ్చుకు ముందు పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పనీర్, తేనె ఉన్నాయేమో ఒక్కసారి చూడమని వంటల పేజీ బాధ్యులకు చెప్పండి. ఓవెన్ వంటకాలకు గ్రాములు, డిగ్రీలు ఇవ్వండి. పాలు, గింజలు, గ్లూటెన్ వంటివి ఉంటే వంటకం కింద ఒక్క వాక్యంలో తెలపండి, దానికి పెద్దగా చోటు కూడా పట్టదు.

ఇటీవలి వంటకానికి వచ్చే ఆదివారం అదే పేజీలో, వీలైతే అదే చోట, సవరణ ప్రచురించమని కోరుతున్నాను. వెన్న, తేనె, పాలు తీసివేసి, ఎగ్‌లెస్ అన్న పేరుకూ వీగన్ అన్న పేరుకూ తేడా రెండు వాక్యాల్లో చెబితే చాలు. పైన రాసిన కొలతలు మీకు ఉపయోగపడితే నా పేరు లేకుండానే వాడుకోవచ్చు. ముందుగా మీ పేజీ బాధ్యులు ఒకసారి వండి చూసి, ఆ తర్వాతే అచ్చు వేయాలన్నది మాత్రం నా షరతు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం